కోనెం అంటే రొయ్యట!

ప్రశ్న: మేడమ్ గారూ, నాకు 68 ఏళ్లు. బళ్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. బెంగళూరులో ఉన్న మనవడు మొన్న సెలవులకొచ్చి నా ఫోన్లో ఏదో ఏఐ యాప్ పెట్టి వెళ్లాడు. రక్తపరీక్ష రిపోర్టు ఫొటో పెడితే చక్కగా తెలుగులో విడమరిచి చెప్పింది. క్రియాటినిన్ ఎక్కువుంది, షుగరు మాత్ర సగం చేసుకోవచ్చని కూడా అంది. మా ఆవిడేమో దాని మాట వింటే కొంప మునుగుతుందంటోంది. ఎవరి మాట వినమంటారు?
– ఒక మాస్టారు, మద్దిలపాలెం, విశాఖపట్నం

జవాబు: మాత్ర జోలికి మాత్రం వెళ్లకండి మాస్టారూ, అక్కడ అమ్మగారిదే రైటు. క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం) రక్తంలో పెరిగితే కొన్ని షుగరు మందులు తగ్గిస్తారన్నది నిజమే. అయితే ఏ మందు, ఎంత అన్నది కిడ్నీ పనితీరు, మీ వయసు, మిగతా మందులు అన్నీ చూసి డాక్టరు తేల్చాలి. ఫోను చూసింది ఒక్క కాగితం.

మొన్న ఫిషింగ్ హార్బర్ నుంచి కోనెం చేప తెచ్చి, పులుసు ఎలా పెట్టాలని నేనూ అలాంటి యాప్‌నే అడిగాను. కోనెం అంటే రొయ్యల్లో ఒక రకమని మొదలెట్టి, పొట్టు ఎలా వలవాలో కూడా చెప్పింది! ముక్కలు కళ్లెదురుగా గిన్నెలో ఉన్నాయి కాబట్టి నవ్వుకున్నాను. వంజరం అని దాని ఇంకో పేరు రాశాక దారిలో పడింది. మన వైపు మాటలు అది చదివింది తక్కువ. పైగా ఒక మాట తర్వాత ఏ మాట రావచ్చో అంచనా కడుతూ పోవడమే దాని పని, అందుకే తప్పు చెప్పేటప్పుడూ తడబడదు. చేప సంగతి కాబట్టి నేను పట్టుకున్నాను. క్రియాటినిన్ దగ్గర మీరెలా పట్టుకుంటారు?

అలాగని తీసేయకండి. 'డాక్టరుగారిని ఏమేం అడగాలో రాసిపెట్టు' అనండి. మా అత్తగారి కోసం అలాగే రాయించాను. ఓపీలో రెండు గంటలు కూర్చుని, లోపలికెళ్లగానే అన్నీ మర్చిపోయే నాకు ఆ చీటీ ఎంత పనికొచ్చిందో! రిపోర్టు ఫొటో తీసేటప్పుడు పేరు, ఫోన్ నంబరు ఉన్న పైభాగం మడిచెయ్యండి.

ఇంకోటి, మీరు అడగలేదు గానీ. కొద్ది సెకన్ల రికార్డింగు దొరికితే చాలు, మోసగాళ్లు ఏఐతో గొంతు అచ్చం దించేస్తున్నారు. 'తాతా, యాక్సిడెంటయింది, డబ్బు పంపు' అని మనవడి గొంతే వినిపించినా పెట్టేసి, మీ దగ్గరున్న అతని నంబరుకు మీరే చేయండి. పొరపాటున పంపేస్తే ఆలస్యం చేయక సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. మేమైతే ఇంట్లో ఓ గుర్తుమాట పెట్టుకున్నాం. అదేంటో చెప్పను గానీ, చేప పేరు మాత్రం కాదు.