విచారణ (పారిష్) డబ్బు దూరదేశం పంపే ముందు: పెద్దమ్మ ఉత్తరం

నాన్నా,

మీ విచారణలో (చర్చి పారిష్‌లో) దూరదేశాల పనులకు కానుకల డబ్బు పంచే మిషన్ కమిటీలోకి నిన్ను తీసుకున్నారని అమ్మ చెప్పింది. అప్పుడే 11 దరఖాస్తులు వచ్చాయట, దేన్ని ఎంచాలో తెలియక టెన్షన్ పడుతున్నావట. ఇక్కడ ఒహాయోలో మా విచారణ కమిటీలో నేను 14 ఏళ్ళు ఉన్నాను. నాకు తెలిసింది రాస్తున్నాను, తీరిగ్గా చదువు.

కమిటీలోకి రాకముందు రెండేళ్ళు నేను ఆదివారం కానుకలు లెక్కపెట్టే వాళ్ళతో కూర్చునేదాన్ని. డాలరు నోటును నాలుగు మడతలు పెట్టి కవరులో వేసే ముసలివాళ్ళు ఉంటారు. ఆ మడతలు విప్పి సాపు చేసిన చేతులతోనే తర్వాత కమిటీలో ఓటు వేశాను. వీలైతే నువ్వు కూడా ఒక నెల ఆ పని చెయ్యి. నువ్వు పంచబోయే డబ్బు ఎవరిదో కళ్ళారా తెలుస్తుంది.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను. కమిటీలో నా ఆరో ఏట ఇండియాలో మన జిల్లా నుంచి ఒక దరఖాస్తు వచ్చింది. ఆడపిల్లల హాస్టల్ మీద ఇంకో అంతస్తు వేయాలని. పంపినవాళ్ళు మన బంధువులకు బాగా తెలిసినవాళ్ళు. మీటింగ్‌లో నేనే లేచి, ఆ ఊరు నాకు తెలుసు, నా మాట నమ్మండి అన్నాను. నమ్మారు. 18,000 డాలర్లు ఒకే దఫాలో పంపాం. ఆరు నెలల పాటు ఉత్తరాలు, ఫోటోలు వచ్చాయి. తర్వాత ఆగిపోయాయి. సెలవుల్లో వెళ్ళి చూశాను. పిల్లర్లు లేచి, పైన ఇనుప చువ్వలు తుప్పు పట్టి నిలబడి ఉన్నాయి. వాటికి తాడు కట్టి పిల్లలు లంగాలు ఆరేసుకుంటున్నారు. డబ్బు ఎవరైనా వాడుకున్నారా, సిమెంటు ధర పెరిగి చాలలేదా అని అడిగితే తలో మాట చెప్పారు. గట్టిగా లెక్క అడుగుదామంటే, ఆ మేరకు ఒప్పందమే మేం రాయించుకోలేదు. తిరిగొచ్చి కమిటీకి ఈ సంగతి చెప్పడానికి నాకు మూడు వారాలు పట్టింది.

అందుకే ముందు ఇది చెబుతున్నాను. మన ఊరు, మన మేత్రాసనం (బిషప్ గారి పరిధి), మనకు తెలిసిన ఫాదర్, సిస్టర్స్ ఎవరి దగ్గర్నుంచి దరఖాస్తు వచ్చినా, నాకు సంబంధం ఉందని మినిట్స్‌లో రాయించి, ఓటు సమయంలో గదిలోంచి బయటికి వచ్చెయ్యి. తెలుగు బిల్లులు చదివి పెట్టమంటే చదువు. అక్కడ ఇటుక ధర ఎంత, కూలి ఎంత అని అడిగితే చెప్పు. ఆ తర్వాత లేచి వచ్చెయ్యి. మనవాళ్ళు నొచ్చుకుంటారు, నాన్నా. నీకు ఫోన్లు వస్తాయి, అమ్మకు కూడా వస్తాయి. అయినా సరే.

యెరూషలేము పేదల కోసం కొరింతులో చందా పోగుచేయమన్నప్పుడు పునీత పౌలుగారు, మీకు యోగ్యులని తోచినవాళ్ళకే ఉత్తరాలిచ్చి మీ కానుకతో పంపుతానని రాశారు. కొరింతీయులకు రాసిన మొదటి లేఖ 16వ అధ్యాయంలో ఉంటుంది. రెండో లేఖ 8వ అధ్యాయంలో కారణం కూడా చెప్పారు. ఇంత పెద్ద కానుక విషయంలో తమను ఎవరూ తప్పుపట్టే వీలు ఉండకూడదని. అపొస్తలుడే అంత జాగ్రత్తపడ్డాడు. మా కమిటీలో కొత్తవాళ్ళు చేరినప్పుడల్లా ఈ రెండు చోట్లా చదివిస్తాం.

ఇక కాగితాలు. ఇండియాకి పంపాలంటే తీసుకునే సంస్థకు విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద ఇచ్చే ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ ఉండాలి. అది ఐదేళ్ళకోసారి రెన్యువల్ అవుతుంది, కాబట్టి గడువు తేదీ చూడు. 2020 సవరణ తర్వాత విదేశీ డబ్బు ముందుగా న్యూఢిల్లీలో స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలోని ఖాతాలోకే రావాలి. ఒక సంస్థకు వచ్చింది ఇంకో సంస్థకు ఇవ్వడానికి లేదు. ఆఫీసు ఖర్చులకు అంతకుముందు 50 శాతం దాకా వాడుకోనిచ్చేవారు, ఇప్పుడు 20 శాతమే. "మాకు రిజిస్ట్రేషన్ లేదు, ఫలానా వాళ్ళకు పంపండి, వాళ్ళు మాకిస్తారు" అని ఎవరైనా రాస్తే అక్కడితో ఆపెయ్యి. సొంత ఖాతా నంబరు ఇచ్చినా అంతే. ఎంత మంచివాళ్ళైనా సరే, మనం పంపిన డబ్బు వల్ల వాళ్ళు కేసులో ఇరుక్కుంటారు.

పిల్లల ఆశ్రమాల దరఖాస్తులు బాగా వస్తాయి. ఫోటోలు చూస్తే కాదనబుద్ధి కాదు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం కింద నమోదైందో లేదో ముందు అడుగు. తర్వాత, ఆ పిల్లల్లో ఎంతమందికి అమ్మో నాన్నో ఉన్నారని అడుగు. చాలాచోట్ల సగానికి పైగా పిల్లలకు ఉంటారు. పేదరికం వల్లే పిల్లను అక్కడ వదిలిపెట్టి ఉంటారు. ఆ తల్లి పిల్లను ఇంట్లోనే ఉంచుకుని బడికి పంపుకునేలా సాయం చేసే దరఖాస్తు పక్కనే ఉంటే నా ఓటు దానికే. ఈ విషయంలో మా కమిటీలో అందరూ నాతో ఏకీభవించరు.

నీళ్ళ పంపుల గురించి కూడా చెప్పాలి. తాతగారి ఇంటి ముందున్న చేతిపంపు గుర్తుందా? ఆ ఇండియా మార్క్ 2 పంపే ఉగాండాలోనూ, ఆఫ్రికాలో ఇంకా చాలాచోట్లా వాడతారు. మన పంపుకి వాషర్ అరిగితే మెకానిక్ సైకిలు మీద వచ్చి గంటలో మార్చేవాడు. అక్కడ వాషర్ దొరికే కొట్టు ఎంత దూరం? స్పానర్లు ఎవరింట్లో ఉంటాయి? ఇంటికి నెలకు ఎంత పోగుచేస్తారు, ఆ డబ్బుల డబ్బా ఎవరి చేతిలో ఉంటుంది? ఈ నాలుగూ రాసి పంపమను. ఒకసారి ఒక సిస్టర్ తమ ఊరి పంపు కమిటీ ఆడవాళ్ళ పుస్తకం ఫోటో తీసి పంపింది. నెలనెలా ఇచ్చినవాళ్ళ వేలిముద్రలు, బాకీ పడ్డవాళ్ళ పేర్లు అన్నీ ఉన్నాయి. ఆ రోజు మాకు చర్చే అవసరం కాలేదు.

వేసవిలో మేత్రాసనం తరఫున ఒక మిషనరీ వచ్చి పూజలో మాట్లాడతారు కదా, ఆ వారం ఏ ఓటూ పెట్టకండి. ప్రసంగం విని అందరి మనసూ కరిగి ఉంటుంది. మేం ఆరు వారాలు ఆగుతాం. భూకంపం, తుఫాను లాంటివి వస్తే నేరుగా దిగకండి. 1943 నుంచి ఆ పనిలో ఉన్న, అమెరికా కేథలిక్కుల సహాయ సంస్థ కేథలిక్ రిలీఫ్ సర్వీసెస్ లాంటి వాళ్ళకు పంపండి. ఈస్టర్ ముందు తపస్సు కాలంలో ఇళ్ళల్లో పెట్టుకునే రైస్ బౌల్ అనే కానుక డబ్బాలో వేసేది వాళ్ళ పనికే వెళ్తుంది, అందులో పావు వంతు మాత్రం ఇక్కడి మేత్రాసనంలోనే ఉంటుంది. ఇంకొకటి, ఒక పని పేరు చెప్పి పోగుచేసిన డబ్బును ఆ పనికే వాడాలి. శ్రీసభ (కేథలిక్ చర్చి) చట్టం 1267వ నియమం అదే చెబుతుంది. అందుకని గుడిలో ప్రకటన చేసే ముందు ఒక్కో మాటా చూసుకోండి.

ఒకప్పుడు మేం అడిగినవాళ్ళందరికీ తలా వెయ్యి ఇచ్చి పంపేవాళ్ళం. ఎవరికీ సరిపోయేది కాదు, ఎవరి సంగతీ మాకు గుర్తుండేది కాదు. ఇప్పుడు మూడు దరఖాస్తులకే, ఒక్కోదానికి మూడేళ్ళు ఇస్తాం. విడతలుగా పంపుతాం. లెక్క వచ్చాకే రెండో విడత. లెక్క రెండు పేజీలు దాటొద్దని మేమే చెబుతాం, ఎందుకంటే అక్కడ రాత్రిపూట కూర్చుని ఆ లెక్క రాసేది పగలంతా డిస్పెన్సరీలో పనిచేసిన సిస్టరే. పని కుదరలేదని నిజం రాసినవాళ్ళకు మేం డబ్బు ఆపలేదు. అలా ఆపితే వచ్చే ఏడు అందరూ అంతా బాగుందనే రాస్తారు.

కాదన్నవాళ్ళకు ఉత్తరం నువ్వే రాస్తానని మీటింగ్‌లో అడిగి తీసుకో. ఎందుకు కుదరలేదో ఒక్క కారణమైనా చెప్పు, నెలలోపే పంపు. పలకకుండా ఊరుకుంటే వాళ్ళు ఏడాదంతా ఎదురుచూస్తారు. హాస్టల్ వాళ్ళ ఉత్తరం కోసం అలా చూసినదాన్ని, అందుకే అంటున్నాను.

ఆ 11 దరఖాస్తులూ ఫోటోలు పక్కనపెట్టి ఒకసారి చదువు. జాంబియా సిస్టర్స్ మెషీన్ అడిగారన్నావు కదా, దాని రిపేరు ఖర్చు ఎవరిదో రాశారో లేదో చూసి శనివారం ఫోన్ చెయ్యి. మధ్యాహ్నం రెండు తర్వాత అయితే ఇంట్లోనే ఉంటాను.

మీ పెద్దమ్మ