గోల్డ్ ఫిష్‌కి పక్కన పొలుసులు ఊడి ఎర్రబడింది, తోక చిరిగింది: ఏం చేయాలి?

మీరు రాసినదాన్ని బట్టి 70 లీటర్ల తొట్టిలో ఒరాండా గోల్డ్ ఫిష్ ఉంది. ఎడమ పక్క నాలుగైదు పొలుసులు గుండ్రంగా ఊడి కింద చర్మం ఎర్రగా కనబడుతోంది, తోక అంచు చిరిగింది. తింటోంది గానీ మూలన నిలబడుతోంది. షాపులో నీలం మందు ఇచ్చి తొట్టిలో పది చుక్కలు వెయ్యమన్నారు. దయచేసి దాన్ని పెద్ద తొట్టిలో మాత్రం వెయ్యకండి. ఆ నీలం మందు సాధారణంగా మిథిలీన్ బ్లూ. బూజు మీద పనిచేస్తుంది, కానీ ఫిల్టర్ స్పాంజిలో బతికే మంచి బ్యాక్టీరియాను కూడా చంపుతుంది. చేప విసర్జించే అమ్మోనియాను మార్చేది ఆ బ్యాక్టీరియానే. అది పోతే రెండు మూడు రోజుల్లో నీళ్ళు విషమవుతాయి. ఇలాంటి దెబ్బ దానంతట అదే మానుతుంది. చేప చచ్చిపోయేది ఎక్కువగా నీళ్ళు పాడై.

అందుకని ముందు నీళ్ళు పరీక్షించండి. అక్వేరియం షాపుల్లో చుక్కల కిట్ దొరుకుతుంది. కాగితం పట్టీల్లో చాలావాటికి అమ్మోనియా పరీక్ష ఉండదు, చూసి కొనండి. అమ్మోనియా, అది మారేటప్పుడు పుట్టే ఇంకో విషం నైట్రైట్, రెండూ సున్నా ఉండాలి. మన బోరు నీళ్ళ పీహెచ్ (నీళ్ళు ఆమ్లమా, క్షారమా చెప్పే అంకె) చాలాచోట్ల 7.5 పైనే ఉంటుంది, చిక్కంతా అక్కడే. పీహెచ్ 7 దగ్గర మొత్తం అమ్మోనియాలో విషంగా పనిచేసే భాగం ఒక శాతం లోపే, అదే 8కి చేరితే ఐదారు శాతం. అంటే కిట్‌లో ఒకే రంగు వచ్చినా ఒక ఇంట్లో చేప బాగుంటుంది, ఇంకో ఇంట్లో మొప్పలు కాలిపోతాయి. కిట్ లేకపోతే ఈరోజే మూడోవంతు నీళ్ళు మార్చండి. మొత్తం నీళ్ళు ఒకేసారి మార్చొద్దు. మునిసిపల్ నీళ్ళయితే యాంటీ క్లోరిన్ వేయాలి, లేదా బకెట్లో గాలి రాయి (గాలి పంపుకు తగిలిస్తే బుడగలు వదిలే రాయి) పెట్టి 24 గంటలు ఆడించాలి. బోరు నీళ్ళలో ఆక్సిజన్ తక్కువ ఉండొచ్చు, వాటినీ కొన్ని గంటలు ఆడించండి. ఆర్వో నీళ్ళు మాత్రమే పోయొద్దు, చేపకు కావలసిన లవణాలు వాటిలో దాదాపు ఉండవు.

తర్వాత విడి టబ్బు. సబ్బు, సర్ఫ్ ఎప్పుడూ తగలని 25 లీటర్ల ప్లాస్టిక్ టబ్బు చాలు. గులకరాళ్ళు, బొమ్మలు ఏవీ వద్దు. కొలిచిన మగ్గుతో 20 లీటర్లు పోసి, ఆ మట్టం దగ్గర మార్కర్‌తో గీత పెట్టండి. ఉప్పు లెక్కంతా ఆ గీత మీదే. పెద్ద తొట్టిలో నడుస్తున్న స్పాంజ్ ఫిల్టర్ ఉంటే అదే తెచ్చి పెట్టండి, కొత్త స్పాంజిలో బ్యాక్టీరియా ఉండదు. దాన్ని పంపు కింద కడగొద్దు, క్లోరిన్‌తో ఆ బ్యాక్టీరియా పోతుంది. తొట్టి నీళ్ళలోనే పిండాలి. టబ్బు మీద వల బట్ట కప్పండి, బెదిరిన చేప ఎగురుతుంది. చేపను వలతో పట్టొద్దు, వల చేప ఒంటిని కాపాడే జిగురు పొరను గీకేస్తుంది. నీళ్ళలోనే ప్లాస్టిక్ డబ్బా వంచి అందులోకి తోలండి.

ఇక ఉప్పు. లీటరుకు 3 గ్రాముల చొప్పున 20 లీటర్లకు 60 గ్రాముల కల్లుప్పు, వంటింటి త్రాసులో తూచి. చెంచా లెక్క వద్దు, కల్లుప్పు చెంచాకీ మెత్తుప్పు చెంచాకీ బరువులో చాలా తేడా. 20 గ్రాములు ఒక మగ్గు టబ్బు నీళ్ళలో పూర్తిగా కరిగించి, చేపకు దూరంగా మెల్లగా పోయాలి. 12 గంటలకు ఇంకో 20, మరో 12 గంటలకు మిగిలిన 20. కరగని కల్లు అడుగున పడితే చేప దాని మీద ఆనుకుని చర్మం కాలుతుంది.

ఉప్పు ఎందుకంటే, చేప ఒంట్లోని ఉప్పదనం లీటరుకు సుమారు 9 గ్రాములు, చుట్టూ ఉన్నవి మంచినీళ్ళు. పొలుసులు, జిగురు పోయిన చోట నీళ్ళు లోపలికి, ఒంట్లో ఉప్పు బయటికి పోతూ ఉంటాయి. ఆ నీటిని తోడి బయటికి పంపడానికి మూత్రపిండాలు రాత్రింబవళ్ళు పనిచేయాలి. బయట కాస్త ఉప్పుంటే ఆ భారం తగ్గి, ఆ బలం దెబ్బ మానడానికి మిగులుతుంది. నైట్రైట్ ఒంట్లో చేరకుండా కూడా ఉప్పులోని క్లోరైడ్ అడ్డుపడుతుంది. అయోడిన్ ఉప్పుతో చేప చస్తుందని భయపెడతారు గానీ, అందులో అయోడిన్ చాలా స్వల్పం. గడ్డకట్టకుండా కలిపే పొడి ఉండదు కాబట్టే కల్లుప్పు మేలు.

ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడ. రోజూ 5 లీటర్లు తీసి కొత్త నీళ్ళు పోస్తే ఆ ఐదింటికి 15 గ్రాములే కలపాలి. ఆవిరై తగ్గిన మట్టానికి మాత్రం ఉత్త నీళ్ళే పోయాలి, ఉప్పు ఆవిరి కాదు కదా. ఇది మరిచి రోజూ ఉప్పు నీళ్ళతోనే నింపితే వారానికి చేప నీరసించిపోతుంది. ఈ ఉప్పు పెద్ద తొట్టిలో వేస్తే మొక్కలు మాడతాయి, కోరీ, లోచ్ లాంటి చేపలు తట్టుకోలేవు.

పసుపు వెయ్యొచ్చా అని కూడా అడిగారు. వద్దండి, అది నీళ్ళలో కరగదు. పొడి మొప్పల్లో చేరి ఊపిరికి అడ్డం, అడుగున చేరి నీళ్ళకు మురికి. మెడికల్ షాపు టెట్రాసైక్లిన్ క్యాప్సూల్ విప్పి వెయ్యడం కూడా దండగే, గట్టి నీళ్ళలో ఉండే కాల్షియం ఆ మందును పట్టేసి పనిచేయనివ్వదు.

బీటాడిన్ మాత్రం, కండ కనబడేంత లోతు పుండు అయితేనే. నాలుగు పొలుసులు ఊడినదానికి చేపను బయటికి తీయడమే ఎక్కువ బాధ. తప్పనిసరైతే చేతులు తడుపుకొని, తడి గుడ్డ మీద పడుకోబెట్టి కళ్ళూ మొప్పలూ కప్పాలి. బీటాడిన్‌ను లేత టీ రంగు వచ్చేదాకా నీళ్ళతో పల్చన చేసి దూది పుల్లతో పుండుకే అద్ది, పది లెక్కపెట్టి, తోకవైపు జారేలా కాసిని నీళ్ళు పోసి వదిలేయాలి. అంతా అరనిమిషంలో అయిపోవాలి.

మూడో రోజు టార్చి పక్కనుంచి వేసి దగ్గరగా చూడండి. పుండు మీద చర్మానికి అంటుకుని పల్చటి పొర కనబడితే మానుతున్నట్టు. దూదిపింజలా పైకి లేచి నీటి కదలికకు ఊగుతుంటే బూజు. తోక చిరుగు అంచున గాజులా పారదర్శకంగా సన్నటి గీత కనబడుతుంది, అది కొత్తగా పెరుగుతున్న తోక. దాన్ని కుళ్ళు అనుకుని మందు పోసేవాళ్ళు చాలామంది. కుళ్ళు అయితే అంచు మసకగా తెల్లబడి, లోపల ఎర్ర చారలుంటాయి, రోజురోజుకీ మొదలు వైపు జరుగుతుంది. పుండు చుట్టూ నల్లబడితే కంగారు పడకండి, మానేటప్పుడు గోల్డ్ ఫిష్‌కి నల్లరంగు రావడం మామూలే, కొన్ని వారాలకు పోతుంది. బూజు నిజమైతే అప్పుడు టబ్బులో స్పాంజి తీసి గాలి రాయి మాత్రమే ఉంచి, సీసా మీద రాసిన మోతాదులో ఆ నీలం మందు వాడండి, రోజూ సగం నీళ్ళు మారుస్తూ.

మొదటి రోజు మేత వద్దు. తర్వాత ఐదు నిమిషాల్లో తినేంతే, ఉడికించి తొక్క తీసిన పచ్చి బఠాణీ మంచిది. ఎండాకాలమైతే గాలి పంపు ఒక్క క్షణం ఆగకూడదు. 20 డిగ్రీల నీళ్ళలో లీటరుకు 9 మిల్లీగ్రాములు పట్టే ఆక్సిజన్ 30 డిగ్రీలకు ఏడున్నరకు పడిపోతుంది. కరెంటు పోయే ఊరైతే బ్యాటరీ పంపు ఒకటి కొని పెట్టుకోండి.

ఇంక మీరు రాయని సంగతి ఒకటి. తొట్టిలో సక్కర్ ఫిష్ ఉందా? పక్క భాగంలో గుండ్రంగా పొలుసులు ఊడటం దాని పని అయ్యే అవకాశం ఎక్కువ. తొట్టి శుభ్రం చేస్తుందని అమ్ముతారు గానీ, రాత్రి లైటు తీశాక నిదానంగా ఈదే గోల్డ్ ఫిష్‌కి అంటుకుని జిగురు గీకి తింటుంది. ఉంటే షాపుకే తిరిగి ఇచ్చేయండి, చెరువులో మాత్రం వదలొద్దు. మన చెరువుల్లో ఇది పెరిగిపోయి జాలర్ల వలలు చింపుతోంది. తోక చిరుగుకు కారణం వేరే ఉండొచ్చు. ప్లాస్టిక్ మొక్కల మీద పాత నైలాన్ చున్నీ లాగి చూడండి, దారం తట్టుకుంటే తోకా తట్టుకుంటుంది. ఫిల్టర్ పీల్చే గొట్టానికి స్పాంజి తొడగండి.

పొర పూర్తిగా కప్పుకున్నాక నాలుగు రోజులు ఉప్పు కలపకుండా రోజూ మూడోవంతు నీళ్ళు మార్చండి, ఉప్పు దానంతటదే దిగుతుంది. అప్పుడు రెండు నీళ్ళ వేడి సమానంగా ఉందో చూసి, సాయంత్రం లైటు తీసేశాక తొట్టిలోకి వదలండి.