ఒప్పందం అర్థం కాకపోతే ఓటు ఎటు? మా మామయ్యగారి డాక్యుమెంట్ రైటర్ లెక్క

ప్రశ్న అడిగినావిడ చెప్పింది ఇదీ: వాళ్ల అక్కకి ఐర్లాండ్ సిటిజన్‌షిప్ వచ్చింది, అక్కడ యూనిఫైడ్ పేటెంట్ కోర్టు (యూరప్ దేశాలు కొన్ని కలిసి పేటెంట్ తగాదాల కోసం పెట్టుకున్న ఉమ్మడి కోర్టు) ఒప్పందంలో చేరాలా వద్దా అని 2024 జూన్‌లో రెఫరెండం, అంటే నేరుగా జనం ఓటుతో తేల్చడం, పెడదామనుకుని వాయిదా వేశారు, రేపెప్పుడైనా పెడితే ఓటు ఎటు వేయాలో ఎలా తేల్చుకోవాలి, మాకు పేటెంట్ల గురించి ఓనమాలు కూడా తెలీవు అని. దానికి అందరూ ఇస్తున్న సలహా ఒకటే, "ఒప్పందం పూర్తిగా చదివి నిర్ణయం తీసుకోమనండి". ఈ సలహా ఇచ్చేవాళ్లెవరూ జన్మలో ఒక్క ఒప్పందం కూడా చదివుండరని నేను స్టాంపు పేపర్ మీద రాసిస్తాను. బ్యాంక్ లోన్ కాగితాల మీద ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టే బాపతే అందరం.

నేను డబ్లిన్‌లో చాలా ఏళ్లు ఉండి ఇప్పుడు హైదరాబాద్ వచ్చేశాను, నిజాంపేటలో ఉంటున్నాం. యూరోపియన్ యూనియన్ పనిచేసే పద్ధతులు మార్చే లిస్బన్ ఒప్పందం మీద అక్కడ రెండుసార్లు రెఫరెండం జరిగింది, 2008 జూన్ 12న ఒకసారి, 2009 అక్టోబర్ 2న ఇంకోసారి. రెండుసార్లూ ఓటేశాను, మొదటిసారి నో, రెండోసారి యెస్. మా ఫ్రెండ్స్ అందరూ "నీకు నిలకడ లేదు" అని ఏడిపించారు కానీ రెండూ కరెక్టే అని నేను ఇప్పటికీ అంటాను, ఎందుకో చెప్తా.

2008లో సిటిజన్‌షిప్ కొత్త. అప్పట్లో ఇప్పటిలా పెద్ద ఫంక్షన్ చేసి ఇచ్చేవాళ్లు కాదు, డిస్ట్రిక్ట్ కోర్టులో జడ్జి ముందు నిలబడి ప్రమాణం చేసి రావడమే. ఆ ఏడాది యూరోపియన్ యూనియన్‌లో 27 దేశాలుంటే జనాన్ని ఓటు అడిగింది ఒక్క ఐర్లాండే. వాళ్లేదో మహా ప్రజాస్వామ్యవాదులని కాదు, రేమండ్ క్రాటీ అని ఒకాయన 1986 చివర్లో కోర్టుకెక్కాడు, ఇలాంటి ఒప్పందాల కోసం జనాన్ని అడగకుండా రాజ్యాంగాన్ని దాటడానికి వీల్లేదని 1987లో సుప్రీంకోర్టు చెప్పింది, అప్పట్నుంచి చచ్చినట్టు అడగాల్సి వస్తోంది.

సరిగ్గా ఆ మే నెలలో మా మామయ్యగారు మా దగ్గరికి వచ్చారు. ఆయన సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు ముందు డాక్యుమెంట్ రైటర్‌గా బతికిన మనిషి, జీవితమంతా సేల్ డీడ్లు, జీపీఏలు, గిఫ్ట్ డీడ్లు రాస్తూనే గడిపారు. డబ్లిన్‌లో ఆయనకి ఏం తోచేది కాదు. జూన్‌లో అక్కడ రాత్రి పదికి గానీ పొద్దుపోదు, ఆయనేమో ఎనిమిదింటికే భోంచేసి, కర్టెన్ తీసి చూసి, "ఇంకా పగలేనా అమ్మా" అని నిట్టూర్చి కూర్చునేవారు. ఒకరోజు ఓటర్లకి విషయం వివరించే రెఫరెండం కమిషన్ వాళ్ల బుక్‌లెట్ పోస్టులో వస్తే అది చేతికిచ్చాను, కాస్త కాలక్షేపం అవుతుంది కదా అని. ఆయన దాన్ని గంటలో తిరగేసి, "ఇది బ్రోచర్, అసలు డాక్యుమెంట్ ఏది?" అన్నారు. మా ఆయన ఆఫీసులో ప్రింట్ తీసి తెచ్చిన కట్ట చూడాలి, డైనింగ్ టేబుల్ మీద పెడితే ఉప్పు డబ్బా, పచ్చడి సీసా పెట్టడానికి చోటు లేదు.

రెడ్ పెన్ను తీసుకుని కూర్చున్నారు. రెండో రోజుకే తేల్చేశారు, "అమ్మా, ఇది కొత్త డాక్యుమెంట్ కాదు, సవరణ దస్తావేజు. ఫలానా ఆర్టికల్లో ఫలానా పేరా తీసేసి ఇది పెట్టుకోండి, ఫలానా మాట బదులు ఈ మాట చదువుకోండి, అంతా ఇదే. పాత కాగితాలు పక్కన లేకుండా దీన్ని చదవమనడం లింక్ డాక్యుమెంట్లు చూపించకుండా ప్లాటు కొనమనడమే." నిజంగా అలాగే ఉంది, 1957 రోమ్ ఒప్పందాన్నీ 1992 మాస్ట్రిక్ట్ ఒప్పందాన్నీ అక్కడో ముక్క ఇక్కడో ముక్క మారుస్తూ పోతుంది. మామయ్యగారు అంతటితో వదల్లేదు, నెట్‌లోంచి పాతవి కూడా ప్రింట్ తీయించారు, మా ఆయన ఆఫీసులో ఎవరైనా చూస్తారేమోనని లంచ్ టైమ్‌లో దొంగలా తీసుకొచ్చేవాడు.

ఇక ఒక సాయంత్రం యెస్ వాళ్లు ఇద్దరు ఇంటికొచ్చారు. అక్కడ అది బాగుంటుంది, క్యాన్వాసింగ్ అంటే మైకు పెట్టి చెవులు పగలగొట్టరు, తలుపు కొట్టి మర్యాదగా అడుగుతారు. నేను ఒకటే అడిగాను, "ఇప్పుడు ప్రతి దేశానికీ యూరోపియన్ కమిషన్‌లో, అంటే యూనియన్‌ని నడిపే సంస్థలో, ఒక కమిషనర్ ఉన్నాడు కదా, 2014 నుంచి మూడింట రెండొంతుల దేశాలకే ఉంటాడట, మనకి లేని అయిదేళ్లు మన మాట ఎవరు చెప్తారు?" అని. అతను "నమ్మండి, ఐర్లాండ్‌కి యూరప్ ఎప్పుడూ మంచే చేసింది" అని కరపత్రం చేతిలో పెట్టాడు. దాని మీద ఒప్పందం గురించి నాలుగు లైన్లు, మిగతా అంతా ఆయన మొహమే, ఎందుకంటే మరుసటేడాది లోకల్ ఎలక్షన్లు. (ఫ్లెక్సీల జబ్బు మన కూకట్‌పల్లికే పరిమితం అనుకునేదాన్ని.) ఇంతలో వెనకనుంచి లుంగీలో మామయ్యగారు వచ్చి, తన ఇంగ్లీషులో, "సర్, మీరు దీన్ని చదివారా?" అని అడిగారు. అతను నవ్వేసి "మా లీడర్లే చదవలేదు సర్" అన్నాడు. అది జోకు కూడా కాదు. ప్రధాని బ్రయన్ కోవెన్ అట్ట నుంచి అట్ట దాకా చదవలేదని తనే ఒప్పుకున్నాడు, ఐర్లాండ్ తరఫు కమిషనర్ చార్లీ మెక్రీవీ అయితే బుద్ధున్నవాడెవడూ దాన్ని మొత్తం చదవడన్నట్టు మాట్లాడాడు. తలుపేసి వచ్చాక మామయ్యగారి మొహం చూడాలి, ఏదో ఘోరం చూసొచ్చినట్టు ఉంది. "రాసినవాడికి తెలీదు, అమ్మేవాడు చదవడు, కొనేవాడు మాత్రం సంతకం పెట్టాలి!"

నో వాళ్లేమన్నా తక్కువా అంటే కాదు. మూడు కోతుల పోస్టరు ఒకటి, కొత్త యూరప్ నిన్ను చూడదు, వినదు, నీ తరఫున మాట్లాడదు అని స్తంభానికొకటి కట్టారు. యూరప్ సైన్యంలోకి మన పిల్లల్ని లాక్కుపోతారని పుకారు, స్కూల్ గేటు దగ్గర ఒకావిడ నాతో నిజంగా భయపడుతూ చెప్పింది. "తెలియకపోతే నో వేయండి" అన్న నినాదం అయితే నాకు చిరాకు, తెలియకపోతే తెలుసుకోవాలి కదా. కానీ మామయ్యగారు దాన్ని వేరే దారిలో అక్కడికే తెచ్చారు, అదే నేను మీ అక్కకి చెప్పమనేది.

ఆయన లెక్క ఇదీ. అగ్రిమెంట్ దశలో వద్దంటే అడ్వాన్సు గొడవ వరకే. సేల్ డీడ్ రిజిస్టర్ అయ్యాక నువ్వొక్కదానివే వెళ్లి రద్దు చేసుకోలేవు, అవతలివాడన్నా ఒప్పుకోవాలి, లేదా కోర్టులో ఏళ్లు తిరగాలి. కాబట్టి ఏ కాగితంలోనైనా ముందు చూడాల్సింది లాభం ఎంత అని కాదు, నో అంటే రేపు మళ్లీ యెస్ అనే అవకాశం ఉందా, యెస్ అన్నాక నో అనే అవకాశం ఉందా అని. ఆ ప్రింట్లలో ఆయనకి బయటికెళ్లే క్లాజు కూడా దొరికింది, తర్వాత బ్రిటన్ 2017 మార్చిలో వాడుకున్న ఆర్టికల్ 50 అదే, లిస్బన్ తోనే మొదటిసారి వచ్చింది. నేను ఎగిరి గంతేశాను, చూశారా దారి ఉంది అని. ఆయన కళ్లజోడు నుదుటి మీదకి తోసి, "ఉందమ్మా, పోతే ఇల్లు మొత్తం వదిలి పోవాలి, ఈ గది వరకు నాకొద్దు అనడానికి లేదు" అన్నారు. దాని మీద నేను మాట్లాడలేకపోయాను.

మా ఆయన మాత్రం యెస్సే. వాళ్లది అమెరికన్ కంపెనీ, అక్కడి 12.5 శాతం కార్పొరేషన్ ట్యాక్స్ చూసి వచ్చిన కంపెనీ, ఆ ట్యాక్స్‌కి ఈ ఒప్పందంతో ఏమీ కాదని ఆఫీసులో అందరూ అనుకుంటున్నారని ఆయన ధీమా. "రాశారా, అనుకుంటున్నారా?" అని మామయ్యగారు. వారం రోజులు తండ్రీకొడుకులు ఇడ్లీ తింటూ కూడా అదే. ఓటు హక్కు లేని మనిషి ఇంట్లో రెండు ఓట్ల మీద పెత్తనం చేశారు.

పోలింగ్ పిల్లల స్కూలు హాల్లో. వేలికి సిరా లేదు, మెషీన్ లేదు, దారంతో కట్టిన పెన్సిలు. బ్యాలెట్ మీద "మీకు ఒప్పందం కావాలా" అని ఉంటుందనుకున్నాను, అలా ఉండదు, ఇరవై ఎనిమిదో రాజ్యాంగ సవరణ బిల్లుకి ఒప్పుకుంటారా అని ముందు ఐరిష్‌లో, తర్వాత ఇంగ్లీషులో. నో దగ్గర ఇంటూ పెట్టి వచ్చాను. మర్నాడు లెక్కపెడితే నో 53.4 శాతం. పక్కింటాయన కార్ తుడుస్తూ "యూరప్ మన మీద కోపంగా ఉంటుంది" అన్నాడు దిగులుగా.

కోపంగానే ఉన్నారు, కానీ ఏం చేశారు? దిగొచ్చారు. 2009 జూన్‌లో దేశాల నాయకులు కూర్చుని రాసిచ్చారు: ప్రతి దేశానికీ కమిషనర్ ఉంటాడు, ట్యాక్స్ జోలికి రాము, సైనిక తటస్థత మీ ఇష్టం, అబార్షన్ మీద మీ రాజ్యాంగం మీదే. అసలు ఒప్పందంలో ఒక్క అక్షరం మారలేదని నో వాళ్లు గోల చేశారు, నిజమే, కానీ హామీ కాగితం మీదకొచ్చింది, తర్వాత ట్యాక్స్, తటస్థత, అబార్షన్ హామీలు ప్రోటోకాల్ (ఒప్పందానికి జతచేసే కాగితం) కూడా అయ్యాయి. ఇవాళ్టికీ కమిషన్‌లో దేశానికొకరు ఉన్నారంటే అది మా నో వల్లే, ఎవరేమన్నా అనుకోండి. నేను అడిగిన క్లాజు పడింది, కాబట్టి రెండోసారి యెస్. యెస్ 67.1 శాతంతో గెలిచింది. మధ్యలో బ్యాంకులు కూలి, ఉద్యోగాలు పోయి, జనం భయంతో వేశారని అంటారు, వాళ్ల సంగతి నాకు తెలీదు, నేను క్లాజు చూసే వేశాను.

డెన్మార్క్ వాళ్లూ ఇదే చేశారు, 1992లో మాస్ట్రిక్ట్‌కి నో అని, మినహాయింపులు రాయించుకుని, 1993లో యెస్ అన్నారు. ఐర్లాండే 2001లో నీస్ ఒప్పందానికి నో అని 2002లో యెస్ అంది. ఒళ్లు మండే విషయం ఏంటంటే నో వచ్చినప్పుడే మళ్లీ అడుగుతారు, యెస్ వస్తే "ఇంకోసారి ఆలోచించుకోండి" అన్నవాడు లేడు. అందుకే అంటున్నా, మొదటి నో చవక. దీనికి మీరు ఫ్రాన్స్, నెదర్లాండ్స్ చూపిస్తారని తెలుసు, 2005లో వాళ్లు యూరప్ రాజ్యాంగానికి నో అంటే అందులో చాలా భాగం లిస్బన్ పేరుతో వాళ్లని అడక్కుండానే తెచ్చేశారు కదా అని. అది ఓటు తప్పు కాదు, వాళ్లకి క్రాటీ లాంటోడు లేకపోవడం.

ఇండియాలో ఇలాంటివి ఎందుకు లేవని కూడా ప్రశ్న చివర్లో ఉంది. మన దగ్గర ఒప్పందం మీద సంతకానికి జనం సంగతి దేవుడెరుగు, పార్లమెంట్ ఓటు కూడా తప్పనిసరి కాదు. 1994లో మరాకేష్‌లో డబ్ల్యూటీఓ (ప్రపంచ వాణిజ్య సంస్థ) ఒప్పందం మీద సంతకం పెట్టి వచ్చారు, ఎవర్ని అడిగారు? మేం లిస్బన్‌కి ఓటేసిన వేసవిలోనే ఇక్కడ అమెరికాతో అణు ఒప్పందం గొడవ. జులై 22న లోక్‌సభలో విశ్వాస పరీక్ష, 275-256, సభలో నోట్ల కట్టలు ఎత్తి చూపించారు. మామయ్యగారికి ఆ రాత్రి వాళ్ల తమ్ముడు దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఫోన్ చేసి లైవ్ కామెంటరీ ఇచ్చాడు. అది కూడా ప్రభుత్వం ఉండాలా పోవాలా అన్న ఓటే, ఒప్పందం మీద కాదు. అంతా విని ఆయన అడిగింది ఒకటే, "అందులో రద్దు క్లాజు ఏం రాశార్రా?" వాళ్ల తమ్ముడు ఫోన్ పెట్టేశాడు.

నా బాధ ఇంకోటుంది, సందర్భం వచ్చింది కాబట్టి చెప్పేస్తా. విదేశీ పౌరసత్వం తీసుకున్న మన మూలాలవాళ్లకిచ్చే ఓసీఐ కార్డు పథకాన్ని 2006 జనవరిలో మన హైదరాబాద్‌లోనే ఆర్భాటంగా మొదలుపెట్టారు, ఆ కార్డుతో నేను ఇక్కడ ఎంతకాలమైనా ఉండొచ్చు, ఫ్లాట్ కొనొచ్చు, ట్యాక్స్ కట్టొచ్చు, ఓటు మాత్రం లేదు. ఐర్లాండేమో దేశం వదిలి స్థిరపడ్డవాళ్లని ఓటర్ల లిస్టులోంచి తీసేస్తుంది. అంటే మా వీధిలో రోడ్డు తవ్వి ఆర్నెల్లు వదిలేసినా కార్పొరేటర్ని నేను ఏమీ అనలేను, అక్కడ రెఫరెండం వస్తే అదీ వేయలేను. అందుకే ఇలా ఊరివాళ్ల ఓట్ల మీద సలహాలిస్తూ కూర్చున్నా, మామయ్యగారి వారసత్వం.

ఇక పేటెంట్ కోర్టు సంగతి. ఆ ఒప్పందం మీద 2013లోనే సంతకాలయ్యాయి, కోర్టు 2023 జూన్ 1 నుంచి పనిచేస్తోంది, ఐర్లాండ్ సంతకం పెట్టింది కానీ పేటెంట్ తగాదాల్లో తీర్పు చెప్పే అధికారం బయటి కోర్టుకివ్వాలంటే రాజ్యాంగం మార్చాలి, అందుకే జనం ముందుకు రావాలి. మీ అక్క పేటెంట్లు నేర్చుకోనక్కర్లేదు. మన జీడిమెట్లలో మందులు తయారుచేసేవాళ్లకి అర్థమయ్యే విషయం ఏంటంటే, ఒక్క తీర్పుతో చేరిన దేశాలన్నిట్లో సరుకు ఆగిపోవచ్చు, లేదా ఒక్క తీర్పుతో అన్నిట్లో పేటెంట్ కొట్టేయొచ్చు, చిన్న కంపెనీకి దేశానికో కేసు వేసే ఖర్చు తగ్గొచ్చు, ఓడితే దెబ్బ కూడా అంత పెద్దది. పాత పద్ధతి పేటెంట్లు ఉన్నవాళ్లు కొంతకాలం ఈ కోర్టు పరిధిలోంచి తప్పుకునే వీలు కూడా పెట్టారు. తలుపు దగ్గరికి వచ్చినవాణ్ణి అడగాల్సింది చేరాక దేశం బయటికి రావాలంటే దారేంటి, అది ఏ పేజీలో ఉంది అని. పేజీ నంబర్ చెప్పినవాడి వైపు మొగ్గమనండి, "నమ్మండి" అన్నవాడికి టీ ఇచ్చి పంపించమనండి.

అన్నట్టు అన్నిటికంటే ముందు ఓటర్ల లిస్టులో తన పేరు ఎలా ఉందో చూసుకోమనండి. సిటిజన్ కాకముందు మనలాంటి వాళ్ల పేరు పక్కన లోకల్ ఎలక్షన్ల వరకే అని ఎల్ అక్షరం ఉంటుంది, పాస్‌పోర్టు మారగానే అది దానంతటదే మారదు. నేనైతే ఫారం నింపి గార్డా (అక్కడి పోలీస్) స్టేషన్‌లో స్టాంపు వేయించుకుని కౌన్సిల్ ఆఫీసులో ఇచ్చొచ్చాను, దానికీ పోలింగ్‌కి ముందే గడువుంటుంది, అది దాటితే మీ అక్క ఎన్ని పేజీలు చదివినా బ్యాలెట్ ఇవ్వరు.