మనవడికి ఋతువుకొక పని అప్పగించు

పర్లాకిమిడి,
ఆశ్వయుజ మాసం.

చిరంజీవి అబ్బాయికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ నేనూ మీ అమ్మా కులాసా. బరంపురంలో మీరు ముగ్గురూ క్షేమమని తలుస్తాను. మొన్న ఫోనులో నీవడిగిన దానికి అప్పటికప్పుడు జవాబు చెప్పలేదు. నాలుగు ముక్కల్లో తేలే విషయం కాదనిపించి ఉత్తరం రాస్తున్నాను. పిల్లవాడు బడి నుంచి రాగానే ఫోను పట్టుకుని కూర్చుంటున్నాడనీ, నీకు దొరికిన చిన్నతనం వాడికి దొరకడం లేదనీ, ఏం చేస్తే బాగుంటుందో చెప్పమనీ అడిగావు.

ముందుగా, నీ చిన్నతనాన్నే వాడికి తిరిగి ఇవ్వాలన్న ఆలోచన మానుకో. అది జరిగే పని కాదు, జరగవలసిన అవసరమూ లేదు. వేసవి సెలవుల్లో గుణుపురం అమ్మమ్మగారింటికి వెళ్లిన చిన్నబండి గురించి నీవు ఎప్పుడూ చెబుతూ ఉంటావు. గజపతి రాజావారి చొరవతో 1900లో నౌపడ నుంచి మన ఊరికి వచ్చిన ఆ రెండున్నర అడుగుల పట్టాల దారి 1931లో గుణుపురం చేరింది. 2004లో ఆ బండి ఆగిపోయింది, 2011లో దాని స్థానంలో పెద్దలైను మీద పెద్దబండి వచ్చింది. ఇప్పుడు మనవణ్ణి తీసుకువెళ్లి ఎక్కించినా అది నీ బండి కాదు. అయితే నీవు ఆ ప్రయాణాన్ని వర్ణించినప్పుడల్లా నేనొకటి గమనిస్తూ వచ్చాను. కొండలకంటే, వంశధారకంటే ముందు నీ నోట వచ్చేది మీ అమ్మ నీ ఒళ్లో పెట్టిన ఇత్తడి మరచెంబు. మూత వదులైతే నీళ్లు కారిపోతాయని దారి పొడవునా దాన్ని రెండు చేతులా పట్టుకుని, ప్రతి స్టేషనులోనూ మూత బిగించి చూసుకుని, చివరికి గుణుపురంలో దిగేటప్పుడు మీ మామయ్య అందుకోబోతే ఇవ్వనన్నావు. ఆ చెంబు నీ పూచీ కాకపోయి ఉంటే ఆ ప్రయాణం నీకు ఇంతగా గుర్తుండేది కాదని నా నమ్మకం.

అందుచేత నేను చెప్పేదల్లా ఇదే. ఏటేటా తప్పకుండా వచ్చే సందర్భాలలో రెండో మూడో ఎంచుకుని, ఒక్కొక్క దానిలో పూర్తిగా వాడిదే అయిన ఒక పని అప్పగించు. మరుసటి ఏడు అదే వేళకు అదే పని మళ్లీ వాడి చేతికే రావాలి. ఆ పని ముద్దుకోసం పెట్టినది కాకూడదు, వాడు చేయకపోతే ఇంట్లో ఏదో ఒకటి ఆగిపోవాలి. పెద్దవాళ్లు ఊరికే తమను ఆడిస్తున్నారా, నిజంగానే తమ మీద ఆధారపడ్డారా అన్నది పిల్లలు ఇట్టే పసిగడతారు.

ఆవకాయ సంగతే చూడు. కత్తిపీట వాడి చేతికి ఇవ్వనక్కరలేదు, ఇవ్వకూడదు కూడా. నీవు కాయ కొట్టి ఇస్తే, ముక్కలోని జీడి తీసివేసి, టెంక లోపలి వైపు కాగితంలా అంటుకుని ఉండే పలుచని పొరను గోటితో ఒలిచి, పొడిగుడ్డతో ఒక్కొక్క ముక్కనూ తుడిచి పళ్లెంలో పేర్చడం ఆరేడేళ్ల పిల్లవాడు చక్కగా చేయగలడు. ఆ పొరకు గోరు ఎక్కడ పెట్టాలో మొదటి పది ముక్కల వరకూ తెలియదు, ఆ తరువాత వేలికే తెలిసిపోతుంది. తడి తగిలితే జాడీ మొత్తం బూజు పడుతుందని ఒక్కసారి చెప్పి, ఇక పక్కన నిలబడి పర్యవేక్షించకుండా నీ పని నీవు చేసుకో. రెండు ముక్కలు సరిగా తుడవకపోయినా వాడు చూడకుండా నీవు మళ్లీ తుడిచినా ఫరవాలేదు గాని, వాడి ఎదుట మాత్రం తుడవకు. మూడోనాడు జాడీ తిరగకలిపేటప్పుడు వాణ్ణి తప్పకుండా పిలువు. తాను తుడిచిన ముక్క నూనెలో తేలుతుంటే చూడడానికి వాడు ఫోను వదిలి వస్తాడో రాడో నాకు తరువాత చెప్పు.

మీ ఇంట్లో రెండు పంచాంగాలు నడుస్తున్నాయి. దాన్ని ఇబ్బందిగా కాక అదృష్టంగా భావించు. ఒడియావారైన కోడలి పుట్టింటివారి లెక్కలో నెల పున్నమితో ముగుస్తుంది, మన లెక్కలో అమావాస్యతో ముగుస్తుంది. అందుకే వాళ్ల కార్తికం మనకంటే పక్షం ముందు మొదలై పున్నమితో పూర్తవుతుంది, మనది దీపావళి మరునాడు మొదలై ఆ తరువాతి అమావాస్య దాకా సాగుతుంది. కార్తికం ఎప్పుడు వచ్చిందన్న విషయమై పోయినేడు మీ ఇద్దరి మధ్యా జరిగిన వాదన మీ అమ్మ నాకు చెప్పింది. శుక్లపక్షంలో ఇద్దరి నెల పేరూ ఒకటే, కృష్ణపక్షంలోనే పేరు మారుతుంది. ఇందులో గెలుపోటములు లేవు నాయనా. వాదించుకునే బదులు పిల్లవాణ్ణి శుక్లపక్షంలో సాయంత్రమూ, కృష్ణపక్షంలో తెల్లవారుజామునా డాబా మీదికి తీసుకుపోయి, చంద్రుడు పెరుగుతున్నాడో తరుగుతున్నాడో చూసి వచ్చి వాళ్లమ్మకు చెప్పే పని వాడికి అప్పగించు. కొన్ని నెలలు గడిస్తే మీ ఇద్దరి లెక్కలూ వాడే సరిచూస్తాడు.

అలాగే వాడికి రెండు సంవత్సరాదులున్నాయి. ఉగాదికి వేపపువ్వును అరచేతుల మధ్య నలిపి కాడలు ఏరివేయడం మన వైపు పని. ఏప్రిల్ నడుమ వచ్చే పణా సంక్రాంతికి మారేడు పండు గుజ్జును నీళ్లలో పిసికి, జిగురు పట్టిన గింజలు ఏరి, పానకం వడకట్టడం వాళ్లమ్మ వైపు పని. రెండూ చేతులు పాడుచేసుకునే పనులే కనుక పిల్లలకు మరీ ఇష్టం.

జూన్ నెలలో ఒడియావాళ్లు ఉయ్యాలలూగే రజ పండుగకు ఉయ్యాల కట్టడం మాత్రం నీవే చేయాలి, కూలికి మరొకరి చేత కట్టించకు. మన పెరట్లో నీవు ఊగిన పనసచెట్టు 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన తెల్లవారుజామున కూలిపోయింది. నీవు ఫోనులో చాలాసేపు మాట్లాడలేకపోయావు. ఆ చెట్టు వాడికి దొరకదు. మీ అద్దె ఇంటి వరండా శ్లాబుకు కొక్కెం ఉందన్నావు కదా, అది చాలు. మోకు ముడి వేసిన తరువాత ముందు నీవు కూర్చుని బరువు పరీక్షించు. వాడు చూస్తుండగా పరీక్షించు.

తుపాను మాట వచ్చింది కనుక చెబుతున్నాను. మన తీరంలో కాపురం చేసేవాడు దానినీ ఒక ఋతువుగానే లెక్క వేసుకోవాలి. 2013లో మీ బరంపురం పక్కనున్న గోపాలపూర్ దగ్గర ఫైలిన్ తీరం దాటింది కూడా అక్టోబరులోనే. హెచ్చరిక వచ్చిన రోజున పిల్లవాడికి ఏమీ తెలియనివ్వకుండా దాచడం మంచిది కాదు, వార్తల ముందు కూర్చోబెట్టి భయపెట్టడమూ మంచిది కాదు. బిందెలూ బకెట్లూ నీళ్లతో నింపించు, టార్చిలైటు వెలుగుతోందో లేదో చూసే పని వాడికి పెట్టు. చేతిలో పని ఉన్న పిల్లవాడికి గాలి హోరు సగమే వినబడుతుంది. పెద్దవాళ్లకూ అంతేననుకో.

ఇక కథలు. మన రోజుల్లో ఇలా ఉండేది, అలా ఉండేది అని కూర్చోబెట్టి చెప్పకు. అది పిల్లలకు ఉపన్యాసంలా వినిపిస్తుంది. వాడు మామిడిముక్క తుడుస్తున్నప్పుడో, వేపపువ్వు నలుపుతున్నప్పుడో తనంతట తాను ఏదైనా అడిగితే, అడిగినంత వరకే చెప్పి ఊరుకో. మిగిలినది వచ్చే ఏటికి ఉంటుంది. వాడు సగం తెలుగూ సగం ఒడియా కలిపి మాట్లాడుతున్నాడని దిద్దవద్దు. ఈ ఊరి బడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులుగారు జనం నోటి మాటకు గౌరవం దక్కాలని పోరాడడమే కాక, కొండల్లోని సవరల భాష పట్టుదలతో నేర్చుకున్నారు. ఆయన తిరిగిన వీధిలో కూర్చుని నేనిలా గ్రంథం మాదిరిగా ఉత్తరం రాస్తున్నందుకు ఆయన ఏమనేవారో గాని, మనవడి మాటను మాత్రం తప్పుపట్టేవారు కాదు.

ఇవన్నీ ఒక్క ఏడాదిలో మొదలుపెట్టకు. నీకు ఉత్సాహం ఎక్కువ, ఓపిక తక్కువ. పది పెట్టుకుని ఎనిమిది వదిలేయడంకంటే రెండు పెట్టుకుని పదేళ్లు నడపడం మేలు. నీ ఉద్యోగానికి సెలవు దొరకని ఏడు కూడా సాగే పనులనే ఎంచుకో. వాడు పని చేస్తున్నప్పుడు ఫొటో తీయడానికి లేవకు. నీవు ఫోను ఎత్తిన మరుక్షణం వాడి చూపు పని మీద నుంచి దాని మీదికి పోతుంది. మధ్యమధ్య ఏ పనీ లేక విసుక్కుంటాడు. విసుక్కోనీ. అమావాస్య రాత్రి వాడు డాబా ఎక్కి, చంద్రుడు లేడని ఏడ్చినా నీవు జోక్యం చేసుకోవద్దు.

మొదలుపెట్టడానికి మార్గశిరం అనువైనది. మన ఇళ్లలోనూ వాళ్ల ఇళ్లలోనూ లక్ష్మివారాల, అంటే గురువారాల, పూజ ఉండనే ఉంది. వాళ్లు మాణబసా అనే ఆ పూజకు కొత్త ధాన్యాన్ని మాణం అనే కొలపాత్రలో నింపి పీట మీద ఉంచుతారు, గడప నుంచి పూజగది దాకా బియ్యప్పిండి ముద్దతో లక్ష్మి పాదాలు వేస్తారు. ఆ పాదాలు వేసే పని వాడిది చేయి. వంకరగా వస్తాయి, రానీ. వాళ్ల లెక్కలో మార్గశిరం మనకంటే పక్షం ముందే వస్తుంది కనుక, తొలి లక్ష్మివారం ఏ తేదీన పడుతుందో కోడలిని అడిగి నాకు ఫోను చేయి. మీ అమ్మ ఆ వేళకు ఇక్కడి కొత్త ధాన్యం ఒక కుంచెడు పంపాలనుకుంటోంది. బస్సులో ఇచ్చి పంపితే ఏ బస్టాండులో అందుకుంటావో అదీ చెప్పు.

ఇట్లు
నాన్న