ఉల్లిపొరలో పచ్చరంగు చూసిన తమ్ముడికి

తమ్ముడూ,

కణాల మీద నువ్వు రాసి పంపిన వ్యాసంలో రెండో పేజీ దగ్గరే ఆగిపోయాను. "ఉల్లిపొర కణాల్లో హరితరేణువులు ఆహారం వండుతుంటాయి" అని రాశావు. ఉల్లిగడ్డ ఎప్పుడైనా తరిగావా? మలక్‌పేట గంజ్‌లో ఏ బస్తా విప్పి ఏ గడ్డ పొర ఒలిచినా నీకు హరితరేణువు దొరకదు. మొలకెత్తిన కాడలో ఉంటుంది, దానికి వెలుతురు తగులుతుంది కాబట్టి. మట్టిలో ఉండే గడ్డకు దాచుకోవడమే పని. పుస్తకంలో "మొక్క కణం" అని వేసిన రంగుల బొమ్మలో ఉన్నవన్నీ తెచ్చి పాపం ఉల్లికి అంటగట్టావు.

ఆపైన కణం ఫ్యాక్టరీ, కేంద్రకం మేనేజరు, మైటోకాండ్రియా పవర్‌హౌస్! ఈ ఫ్యాక్టరీ ఎప్పుడు మూతపడుతుందో ఏమో, ముప్పై ఏళ్లుగా చదువుతున్నాను.

ఎర్ర రక్తకణం పేరా మాత్రం బాగుంది. ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్‌కు చోటివ్వడానికి కేంద్రకాన్నే బయటికి నెట్టేసి, తనను తాను బాగుచేసుకునే దారి లేక 120 రోజుల్లో పోతుందని రాశావు చూడు, వ్యాసమంతా అలా నడవాలి. ఒక పనిలో ఆరితేరిన కణం దేన్ని వదులుకుందో ముందు అది పట్టుకో. దారువు సంగతే చూడు, వేరు నుంచి నీళ్లు పైకి తీసుకెళ్లే ఆ నాళాల్లో కణాలు గోడలు గట్టిపరుచుకుని, మధ్య అడ్డుగోడలు కరిగించుకుని, లోపల ఉన్నదంతా పోగొట్టుకుని చచ్చిపోయాకే గొట్టంగా పనికొస్తాయి. నేనొకసారి ఇది రాసి పంపితే ఒక ఎడిటరుగారు "చచ్చిన కణాలేంటండీ, పిల్లలు చదివే పేజీ" అని ఆ పేరా ఎత్తేసి ఫ్యాక్టరీ పెట్టారు, నా పేరుతోనే. 1665లో రాబర్ట్ హుక్ బెరడు ముక్కలో చూసి "సెల్" అని పేరు పెట్టినవి కూడా చచ్చిన కణాల గోడలేనని ఆయనకు ఉత్తరం రాశాను. జవాబు రాలేదు, మిగిలిన డబ్బులూ రాలేదు.

నేనేమీ పుట్టుకతో తెలిసినవాణ్ణి కాదులే. టీచరుగా ఐదేళ్లు కణకవచాన్ని, అదే మొక్క కణం చుట్టూ ఉండే గోడను, కంటితో చూడకుండానే బోర్డు మీద గీశాను. తర్వాత కోఠిలో ఒక పాత సామాన్ల కొట్టులో సగం జీతం పోసి మైక్రోస్కోపు కొంటే ఇంట్లో మూడు రోజులు మాటల్లేవు. కుండీలో ఉన్న రియో అనే మొక్క ఆకు అడుగువైపు పొర ఒలిచి నీటిచుక్కలో పెట్టాను, కణాల గదుల నిండా ఊదారంగు. పక్క నుంచి ఒక చుక్క ఉప్పునీళ్లు వదిలాను. కాసేపటికి ఆ ఊదా అంతా గోడల్ని వదిలేసి నడుమకు ముడుచుకుపోయింది, గోడ మాత్రం కదల్లేదు. కవచం వేరు, లోపలి పొర వేరు అని నాకు నిజంగా తెలిసింది ఆ పూటే. మళ్లీ మంచినీళ్లు పోస్తే ఊదా మెల్లగా ఉబ్బి గోడను ఆనుకుంది. అదే మంచినీళ్లలో ఎర్ర రక్తకణం పడితే ఉబ్బి పగిలిపోతుంది, ఆపడానికి దానికి గోడేది?

నాడీకణం గురించి ఏదో అడిగావు, వ్యాసం ఎవరికి పంపాలనీ అడిగావు. అవి తర్వాత చూద్దాం. ఆదివారం పొద్దున ఇంటికి రా, రియో కుండీ ఉంది, మైక్రోస్కోపు కూడా పనిచేస్తోంది. ఉల్లిగడ్డ మాత్రం నువ్వే తెచ్చుకో, మా ఇంట్లో అయిపోయాయి.