సాయంత్రం మాత్రమే వచ్చే హమ్మింగ్‌కు డయోడ్లు కారణమా?

12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్, ఏసీని డీసీగా మార్చే నాలుగు 1ఎన్4007 డయోడ్ల బ్రిడ్జి, 4700 మైక్రోఫారడ్ల కండెన్సర్, వోల్టేజిని 12 దగ్గర నిలిపే 7812 రెగ్యులేటర్‌తో మీరు కట్టిన సప్లై అర ఆంపియర్ లోడు మీద పగలు బాగా పనిచేస్తూ, చీకటి పడగానే యాంప్లిఫయర్‌లో హమ్మింగ్ ఇస్తోందని, డయోడ్లు మార్చినా పోలేదని రాశారు. పర్లాకిమిడిలోని మా మరమ్మతు దుకాణానికి కాశీనగర్ వైపు నుంచీ పాతపట్నం నుంచీ ఇదే బాధతో సెట్లు వస్తుంటాయి. వాటిలో డయోడ్ల దోషం అరుదు. డయోడు ఒకటి తెగిపోతే సగం తరంగమే అందుతుంది కనుక ఆ హమ్మింగ్ పగలు కూడా వినిపించాలి. షార్ట్ అయితే ఫ్యూజే పోతుంది.

అసలు లెక్క వేరు. 12 అనేది ఆర్.ఎం.ఎస్. విలువ, అంటే ఏసీ మీటరు చూపే విలువ; ఆ తరంగపు శిఖరం సుమారు 17 వోల్టులు. బ్రిడ్జిలో ప్రతి అర్ధచక్రంలోనూ కరెంటు రెండు డయోడ్ల గుండా వెళ్లాలి కాబట్టి, లోడు మీద దాదాపు 2 వోల్టులు అక్కడే పోయి 15 మిగులుతాయి. 7812కు సుమారు 14 వోల్టులైనా అందాలి. సాయంత్రం మెయిన్స్ (ఇంటికొచ్చే కరెంటు) 230 నుంచి 190కి దిగినప్పుడు సెకండరీ (ట్రాన్స్‌ఫార్మర్‌లో 12 వోల్టులిచ్చే వైపు) 10కి, శిఖరం 14కి పడిపోయి, డయోడ్లు దాటాక 12 వోల్టులే ఉంటాయి. అప్పుడు సెకనుకు 100 సార్లు వచ్చే అలను రెగ్యులేటర్ ఆపలేక స్పీకర్‌కు వదిలేస్తుంది. కండెన్సర్ పెంచమని చాలామంది చెబుతారు గానీ, అది చెరువు నిండని ఏట గట్టు ఎత్తు పెంచడమే: కండెన్సర్ అలల మధ్య పల్లాన్ని పూడ్చగలదు, శిఖరాన్ని లేపలేదు.

15 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ వేయండి. 190 వద్ద కూడా డయోడ్ల తరువాత 15 వోల్టులకు పైగా ఉంటుంది. అయితే అర్ధరాత్రి మెయిన్స్ 250కి ఎగబాకి, లోడు లేనప్పుడు కండెన్సర్ మీద 25 వోల్టుల దాకా నిలుస్తుంది కాబట్టి 35 వోల్టుల రకమే వాడాలి. పది రూపాయల ఆదాకు 25 వోల్టులది వేయడం నాకు నచ్చదు. మామూలు వోల్టేజి వద్దనే 7812 మీద 3 వాట్లకు పైగా వేడి పుడుతుంది, హీట్‌సింక్ తప్పనిసరి. డయోడ్లు అవే చాలు.

కొనేముందు, హమ్మింగ్ వస్తున్నప్పుడే సెకండరీ మీద ఏసీ వోల్టేజి కొలవండి, 230 వైపు చెయ్యి పెట్టనవసరం లేదు. మీటరు 10 దగ్గర ఆగితే పై లెక్క మీ ఇంటికి సరిపోయినట్టే. 12 చూపితే మాత్రం కండెన్సర్ ఎండిపోయిందేమో చూడాలి.