నాన్న ఉత్తరాలు ప్రింటర్ లేకుండానే ప్రింట్ తియ్యి

చిరంజీవి బాబుకి, బాబాయి ఆశీస్సులు.

మీ నాన్న పాత కంప్యూటర్ అమిగా 1200 మళ్లీ ఆన్ అయిందని, అందులో వర్డ్‌వర్త్ అనే ఉత్తరాలు రాసే ప్రోగ్రాంలో రాసుకున్న ఉత్తరాలు ఇంకా తెరుచుకుంటున్నాయని విని చాలా సంతోషించాను. కానీ ఆ ఫైళ్లు కాపీ చేసుకుని ఊరుకోకు. రేపు వర్డ్‌వర్త్ నడిపే మెషిన్ లేకపోతే, అన్నయ్య పేజీని పేర్చిన తీరు మనకు కనబడదు. ఒక్కో ఉత్తరాన్నీ పోస్ట్‌స్క్రిప్ట్ (పేజీ ఎలా ఉండాలో ప్రింటర్‌కి చెప్పే భాష) ఫైలుగా కూడా దాచు. ప్రింటర్‌కి వెళ్లాల్సిందంతా అందులోనే ఉంటుంది.

ముందుగా ప్రతి ఫ్లాపీ మూలనున్న బుల్లి బిళ్లను జరిపి రంధ్రం తెరిచి పెట్టు. ఇక పొరపాటున కూడా పాతది చెరిగిపోదు.

అమిగా సిస్టమ్ సాఫ్ట్‌వేర్ వర్క్‌బెంచ్ 3.0 స్టోరేజ్ డిస్కులోని ప్రింటర్స్ డ్రాయర్‌లో (అంటే ఫోల్డర్‌లో) పోస్ట్‌స్క్రిప్ట్ డ్రైవర్ ఉంటుంది. దాన్ని డెవ్స్ డ్రాయర్‌లో ఉన్న ప్రింటర్స్‌లోకి లాగి, ప్రిఫ్స్‌లోని ప్రింటర్ సెట్టింగుల్లో ఎంచుకో. పోర్టు (ప్రింటర్ తీగ తగిలించే చోటు) ప్యారలల్, కాగితం ఏ4. అమెరికా లెటర్ సైజు ఏ4 కంటే దాదాపు 18 మిల్లీమీటర్లు పొట్టి కాబట్టి, అది ఉండిపోతే అడుగు పంక్తులు తెగిపోవచ్చు.

అసలు పని చేసేది టూల్స్ డ్రాయర్‌లో ఉన్న సీఎండీ అనే చిన్న ప్రోగ్రాం. ప్యారలల్ పోర్టుకి వెళ్లే డేటాను మధ్యలోనే పట్టి ఫైల్లోకి మళ్లిస్తుంది. ప్రింటర్ తగిలించక్కర్లేదు. ముందు సీఎండీని నడుపు, తర్వాతే వర్డ్‌వర్త్‌లో ప్రింట్ కొట్టు. మామూలుగా అది ఒక్క ప్రింటే పట్టి ఆగిపోతుంది, కాబట్టి ప్రతి ఉత్తరానికీ మళ్లీ నడపాలి. ఫైల్లో నాలుగైదు బైట్లే కనిపిస్తే టెన్షన్ పడకు. ప్రింటర్‌ను రీసెట్ చేసే చిన్న ఆదేశం ముందు వచ్చింది, సీఎండీ దాన్నే పట్టుకుని పని ముగించింది. అలా కాకుండా దాని ఐకాన్ టూల్‌టైప్స్‌లో (ఐకాన్‌లోనే ఉండే సెట్టింగుల్లో) స్కిప్‌ను ట్రూగా మార్చు.

ఫైలు ముందు ర్యామ్ డిస్కులో, అంటే మెమరీలోనే, పడుతుంది. కరెంటు పోతే అదీ పోతుంది, కాబట్టి వెంటనే పేరు మార్చి బయటికి తియ్యి. ఏ ఉత్తరం, ఏ తేదీ అన్నది పేరులోనే తెలియాలి. అమిగా ఫ్లాపీలో 880 కేబీ పడుతుంది, పీసీ చదవగల ఫ్లాపీలో 720 మాత్రమే. పేజీ అక్షరాలుగా కాక బొమ్మగా వెళ్తే ఫైలు బాగా పెరుగుతుంది, ఆ చోటు చాలదు. నా మాట విని అమిగా పక్కనున్న పీసీఎంసీఐఏ కార్డు స్లాట్‌లో అడాప్టర్‌తో కాంపాక్ట్‌ఫ్లాష్ మెమరీ కార్డు పెట్టుకో, ఫ్లాపీలతో కుస్తీ తప్పుతుంది.

ఆ ఫైలును టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి మొదటి పంక్తి చూడు. శాతం గుర్తు, దాని పక్కనే ఆశ్చర్యార్థకం ఉంటే అది పోస్ట్‌స్క్రిప్టే. పిచ్చి గుర్తులు కనిపిస్తే ఇంకో డ్రైవర్ ఎంపికై ఉంటుంది. సరిగ్గా ఉన్నదాన్ని లాప్‌టాప్‌లో గోస్ట్‌స్క్రిప్ట్ అనే ప్రోగ్రాంకి ఇస్తే పీడీఎఫ్ చేసి పెడుతుంది. పోస్ట్‌స్క్రిప్ట్ కాపీ మాత్రం తీసేయకు, వర్డ్‌వర్త్ ఫైలు పక్కనే ఉంచు.

మొదటి ఉత్తరం అవగానే నాకు పంపు. అన్నయ్య మార్జిన్లు ఎలా వదిలేవాడో నాకు గుర్తే, సరిగ్గా వచ్చిందో లేదో చూసి చెబుతాను.

మీ బాబాయి